ఫ్రిజ్‌ల పెట్టిన బగార తిని ఇంట్ల ఇద్దరికి వాంతులు – ఎక్కడ తప్పు జరిగిందో చెప్పుండ్రి

మునుగోడు కోడలు (నల్గొండ)

అందరికీ నమస్తే. ఇక్కడ ఎప్పుడు చదువుడే గాని రాసింది లేదు. ఇయ్యాల రాయక తప్పుతలేదు. జర పొడుగుంటది, ఓపికతోని చదువుండ్రి.

మాది నల్గొండ, పానగల్లు దిక్కు ఇల్లు. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. పోయిన ఆదివారం మునుగోడు దగ్గర మా బాయికాడ మైసమ్మకు చేసినం. యాటను కోసినం, బగార వండినం. యాభై మంది దాక వచ్చిండ్రు. ఎండ ఎట్లుండెనంటె, చింతచెట్టు కింద కూడ కూసోబుద్ధి కాలే. పన్నెండున్నరకే బగార పొయ్యి మీదికెళ్లి దించినం. అందరు తినేసరికి మూడు దాటింది. అన్నం, కూర మస్తు మిగిలినయ్. పారబోయ బుద్ధి కాలే, దేవర పేరు మీద చేసింది కదా. పెద్ద బగోనల్నే మూతలు పెట్టి, మూటకట్టి, ట్రాలీల వేసుకొని ఇంటికొచ్చేసరికి ఐదున్నర అయింది.

వచ్చినంక వంటింట్ల గట్టు మీద పెట్టిన. చెయ్యి పెడితే అన్నం నడుమ ఇంక వెచ్చగనే ఉన్నది. "వేడివేడిది ఫ్రిజ్‌ల పెట్టొద్దు, చల్లారనియ్" అని అత్తమ్మ అన్నది. నేను కూడ చిన్నప్పటిసంది అదే విన్న. రాత్రి తొమ్మిదిన్నరకు ఫ్రిజ్‌ల ఒక అర తీసేసి, రెండు బగోనలు ఒకదాని పక్కన ఒకటి ఇరికిచ్చి, తలుపు నెట్టి మూసిన. "ఫ్రిజ్‌ల పెట్టినం, ఇగ ఫికరు లేదు" అనుకొని పండుకున్న.

సోమవారం పొద్దుగాల్ల నేను ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒంటిగంటకు మా ఆయనకు, చిన్నోనికి బగార పెట్టిన. పెనం మీద నీళ్లు చిలకరిచ్చి వెచ్చ చేసిన అంతే, సలసల కాగనియ్యలే. వాసన చూసిన, మంచిగనే ఉండె. కూరను మాత్రం మంచిగ మసిలిచ్చిన. అత్తమ్మ, మామయ్య, పెద్దపిల్ల జొన్నరొట్టెలల్ల కూర వేసుకొని తిన్నరు.

మూడున్నరకు చిన్నోడు కడుపు పట్టుకొని కక్కుడు మొదలువెట్టిండు. ఏడేండ్లు వానికి. నాలుగుసార్లు అయినంక వాని కండ్లు లోపలికి పోయినయ్, "అమ్మా దూప" అంటడు, నీళ్లు తాగితే నీళ్లే బయటికొస్తున్నయ్. గంట తిరగకముందే మా ఆయనకు కూడ. దవాఖానకు తీస్కపోతే సెలైన్ పెట్టిండ్రు, రాత్రికి తేరుకున్నరు. డాక్టరు "ఏం తిన్నరు, ఎప్పుడు వండింది" అని అడిగి "తిండి వల్లనే" అన్నడు, అంతకు మించి చెప్పే తీరిక ఆయనకు లేదు. బయట మంది నిలవడ్డరు.

నా చేతులతోని నేను పెట్టిన అన్నం అది. రెండు రోజులసంది నాకు నిద్ర వడ్తలేదు.

తెలిసినోళ్లు చెప్పుండ్రి. ఫ్రిజ్‌ల పెట్టినంక కూడ ఎట్ల పాడైంది? వాసన కూడ రాలేదే? చల్లారినంక పెట్టాల్నా, వేడిగనే పెట్టాల్నా? మాది సింగిల్ డోర్, తొమ్మిదేండ్ల కిందిది. లోపల చల్లదనం మార్చే గుండ్రటి మర 3 మీద ఉంటది, ఎన్నడు తిప్పలే. పచ్చి మాంసం ఎక్కడ పెట్టాలె? మామయ్యకు షుగరు, ఆయన ఇన్సులిన్ కూడ అండ్లనే ఉంటది, పాల ప్యాకెట్ల పక్కన, ఫ్రీజర్ కింది ట్రేల. అది సక్కగనే ఉన్నట్టా? ఇంకోటి, అత్తమ్మ అంటది: "మేము చిన్నప్పుడు రోజు సద్దన్నమే తిన్నం, ఫ్రిజ్ ఎక్కడిది, మాకేం కాలే" అని. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు.

మిర్యాలగూడ నర్సు

చెల్లె, ముందు నువ్వు నిన్ను తిట్టుకునుడు ఆపు. నేను 14 ఏండ్లుగా వార్డులో పనిచేస్తున్న. ప్రతి మే నెలలో, పెండ్లిళ్ల దినాలలో, ఇట్లాంటి కేసులు వస్తనే ఉంటయి. అందరు ఇదే మాట అంటరు: "ఫ్రిజ్‌లో పెట్టినం కదా సిస్టర్."

నువ్వు రాసిన దాంట్లో నాకు కొట్టొచ్చినట్టు కనపడింది ఒకటి. కూర అందరు తిన్నరు, బగార తిన్న ఇద్దరికే వాంతులైనయి. అది కూడా రెండున్నర, మూడున్నర గంటల్లోనే. పరీక్ష చేయకుండా ఇదే అని ముద్ర వేయలేం కాని, అన్నం తిన్న ఆరు గంటల లోపల ఇట్ల వాంతులు రావడం బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా లక్షణం. బియ్యంలో దాని గింజలసొంటి రూపం ముందే ఉంటది. మనం అన్నం ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగ అయినంక మొలకెత్తి పెరుగుతయి, పెరుగుతూ అన్నంలోకి ఒక విషాన్ని వదుల్తయి. ఆ విషం 121 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటది. మన పొయ్యి మీద మరిగే నీళ్లు 100 డిగ్రీలే. అందుకే నువ్వు అన్నాన్ని సలసల కాగబెట్టినా ఈ విషం పోయేది కాదు. వాసన రాదు, రుచి మారదు. ముక్కుతోని పట్టుకునేది కాదు ఇది.

ఇప్పుడు గంటలు లెక్కపెట్టు. పన్నెండున్నరకు దించింది, రాత్రి తొమ్మిదిన్నరకు ఫ్రిజ్‌లోకి పోయింది. తొమ్మిది గంటలు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల నడుమ ఉన్న తిండిలో సూక్ష్మజీవులు పెరుగుతయి. వండిన తిండి బయట రెండు గంటలకు మించి ఉండొద్దు అనేది లెక్క, గాలి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన నల్గొండ జిల్లాలో మే నెల మధ్యాహ్నం 32 ఎక్కడ ఉంటది చెల్లె, 44 ఉంటది. తప్పు ఫ్రిజ్‌లో కాదు, ఫ్రిజ్‌లోకి పోకముందే అయిపోయింది. పైగా పెద్ద బగోన. పైన చల్లగ తాకినా నడుమ అన్నం గంటల తరబడి వెచ్చగనే ఉంటది. ఫ్రిజ్‌లో పెట్టినంక కూడా, తెల్లారేదాక వెచ్చగ ఉండి ఉంటది. ఫ్రిజ్ కొత్తగ పెరగకుండ ఆపుతది అంతే, అయిపోయిన దాన్ని వెనక్కి తిప్పదు.

సద్దన్నం సంగతి. అత్తమ్మ చెప్పింది అబద్ధం కాదు. కాని ఆ అన్నంలో నీళ్లో గంజో పోసి రాత్రంత ఉంచేవాళ్లు, పొద్దుగాలకు పులిసేది, మజ్జిగ కలిపి తినేవాళ్లు. పులుపులో చాలా సూక్ష్మజీవులు పెరగలేవు. పూటకు మిగిలిన గిద్దెడు అన్నం అది. నూనె, మసాలా వేసి యాభై మందికి వండి మూతపెట్టిన బగార వేరు. దాంట్లో పులుపు లేదు, గాలి లేదు, వేడి ఉన్నది. రెండింటిని ఒక గాటన కట్టొద్దని అత్తమ్మకు నిమ్మళంగ చెప్పు.

దినాల లెక్క అడుగుతవని ముందే చెప్తున్న. అన్నం ఫ్రిజ్‌లో ఒక్కరోజే. మాంసం కూర, పప్పు, కూరగాయల కూరలు మూడు రోజులు, నాలుగోనాడు నేనైతే ఉంచను. పచ్చి చికెన్, కైమ, కార్జం, చేప ఒకరోజు, మహా అయితే రెండు. మటన్ ముక్కలు ఇంకో రోజు ఆగుతయి. తీసిన కూరను పొగలు కక్కేదాక మసిలించాలి, అదీ తినేటంత మేరకే తీసి. ఒకే గిన్నెను పూటపూటకు వెచ్చబెట్టి మళ్లీ లోపల పెట్టొద్దు.

మామయ్య ఇన్సులిన్ మాత్రం ఈ రోజే జాగ మార్చు. అది 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఉండాలి, ఎన్నడు గడ్డకట్టొద్దు. ఫ్రీజర్ కింది ట్రే సింగిల్ డోర్‌లో అన్నిటికంటే చల్లటి జాగ, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంటది. ఒకసారి గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పనిచేయదు, చూస్తే మామూలుగనే కనపడొచ్చు కాని షుగరు దిగదు. అట్టడబ్బాతోనే, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి నడిమి అరలో, వెనుక గోడకు తాకకుండ పెట్టు. ఈ మధ్య ఆయన షుగరు కారణం లేకుండ ఎక్కువ చూపిస్తుంటే ఆ సీసాను డాక్టరుకు చూపించి కొత్తది తీసుకోండి.

ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎప్పుడూ ఉంచు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో, ఒక్కసారే మొత్తం కలపాలి. వాంతి అయినంక పది నిమిషాలు ఆగి చెంచ చెంచగ తాపు. ఒంటేలు ఆగినా, పిల్లగాడు మత్తుగ ఉన్నా, విరేచనంలో రక్తం కనపడ్డా ఇంట్లో ఉంచొద్దు.

వనపర్తి సాయి

అక్క చెప్పింది బాగుంది గాని, వేడిది ఫ్రిజ్‌ల పెడితే కంప్రెసర్ కాలిపోతదని మా ఇంట్ల అందరు అంటరు. పోయినేడు మా మేనత్తోళ్ల ఫ్రిజ్ అట్లనే ఖరాబైందని చెప్తరు. మరి బయట పెట్టొద్దు, లోపల పెట్టొద్దంటే ఎట్ల?

జడ్చర్ల ఫ్రిజ్ మెకానిక్

సాయి తమ్మి, నేను ఈ పని మొదలువెట్టి 18 ఏండ్లు. ఒక గిన్నె వెచ్చటి కూర పెడితే కంప్రెసర్ కాలిపోయిన కేసు నేను ఒక్కటి చూడలే. కాలిపోయేది వేరే కారణాలతోని: వోల్టేజీ, దుమ్ము పట్టిన వెనుక జాలి, గోడకు అతికిచ్చిన ఫ్రిజ్. సలసల కాగే బగోన పెడితే అయ్యేదేందంటె, లోపలున్న పాలు, పెరుగు, పచ్చి మాంసం అన్ని వెచ్చవడుతయ్. మోటరు ఎక్కువసేపు నడుస్తది, ఆవిరి పోయి ఫ్రీజర్ల ఐసు పెరుగుతది. అందుకని కాగేది వద్దు, గంటలు గంటలు ఆరబెట్టుడు వద్దు. బయటనే అరగంట, ముప్పావుగంటల చల్లార్చే ఉపాయం చెయ్యాలె, గోరువెచ్చగ ఉండంగనే లోపలికి పోవాలె.

ఇగ అక్కా, మీ ఫ్రిజ్ సంగతి. మీరు రాసింది చదివితె నాకు నాలుగు అనుమానాలు వచ్చినయ్.

మొదటిది ఆ మర. చాన మంది 1 అంటె చల్లగ, 7 అంటె వేడి అనుకుంటరు. తిరగేసి ఉంటది. అంకె పెరిగినకొద్ది చల్లదనం పెరుగుతది. అయి డిగ్రీలు కావు, వట్టి మెట్లు. చలికాలం 3 సాలు. మే నెలల మన దిక్కు వంటిల్లే 40 ఉంటది, 5 మీద పెట్టాలె. ఫ్రిజ్ లోపల స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ అని రాసి ఉంటది చూడుండ్రి. టి అని ఉంటె చుట్టు గాలి 43 డిగ్రీల దాక తట్టుకునేటట్టు తయారుచేసిండ్రన్నట్టు. మీ వంటిల్లు రేకుల కింద ఉంటె, పక్కనే పొయ్యి ఉంటె, ఆ గీత దాటిపోతది. అప్పుడు ఎంత తిప్పినా రావల్సిన చల్లదనం రాదు. ఫ్రిజ్ జాగ మార్చుడే మందు. వెనుక గోడకు బెత్తెడు సందు ఉండాలె.

రెండోది అరల మీద పరిచిన ప్లాస్టిక్ కాగితాలు. ఖరాబు కావొద్దని పూల పూల షీట్లు కత్తిరిచ్చి పరుస్తరు, నేను పోయిన ప్రతి పది ఇండ్లల్ల ఎనిమిదిండ్లల్ల ఉంటయ్. సింగిల్ డోర్ల చల్లగాలి పైన ఫ్రీజర్ కాడ పుట్టి, బరువుతోని కిందికి దిగుతది. జాలి అర మీద షీటు పరిస్తె ఆ గాలికి దారి మూసినట్టే. మీరు రెండు బగోనలు ఇరికిచ్చిన అన్నరు, అది కూడ గంతే. నిండ కుక్కితె కింద ఉన్నయి చల్లగ కావు.

మూడోది ఫ్రీజర్ల ఐసు. వేలు మందం ఐసు ఉన్నదా? ఐసు ఎక్కువుంటె ఎక్కువ చల్లగుంటదని అనుకుంటరు. ఐసు దుప్పటి లెక్క పనిచేస్తది, చల్లదనాన్ని లోపలికి రానియ్యదు. పావు అంగుళం దాటితె కరిగియ్యాలె. మర నడుమ ఒత్తే బటన్ ఉంటది, అది ఒత్తి, ఫ్రీజర్ల ఒక గిన్నెల వేడినీళ్లు పెట్టి తలుపు మూస్తె రెండు మూడు గంటలల్ల జారిపోతది. కత్తితోని, స్క్రూడ్రైవర్‌తోని పొడవొద్దు. చేతులు జోడిచ్చి చెప్తున్న. ప్రతి ఎండకాలం కత్తి దిగిన ఫ్రీజర్లు నా దుకాణానికి వస్తయ్. అది పలుచని అల్యూమినియం రేకు, పొక్క పడితె గ్యాసంత పోతది, రిపేరు ఖర్చు పెడితె సగం ఫ్రిజ్ వస్తది. కొత్త ఫ్రిజ్‌లల్ల ఆర్600ఏ గ్యాసు ఉంటది, అది అంటుకునే గ్యాసు.

నాలుగోది తలుపు రబ్బరు. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేటట్టు పెట్టి తలుపు మూసి గుంజి చూడుండ్రి. పట్టుకొని ఉంటె రబ్బరు మంచిగున్నట్టు. అలక్కగ ఊడొస్తె అక్కడికెళ్లి చల్లదనం పోతున్నట్టు. నాలుగు దిక్కుల చూడాలె, ముఖ్యంగ కింది మూల. మీరు తలుపు "నెట్టి మూసిన" అన్నరు కదా, రాత్రంత తలుపు సన్నగ తెరుచుకొని ఉన్నా ఆశ్చర్యం లేదు.

అన్నిటికంటె ముందు ఒక థర్మామీటరు కొనుండ్రి. జొరం చూసేది కాదు, అది అంత కిందికి చూపియ్యదు. ఫ్రిజ్‌ది వేరే దొరుకుతది. గ్లాసుల నీళ్లు పోసి దాంట్ల వేసి, నడిమి అరల పెట్టి, రాత్రంత ఉంచి పొద్దున తలుపు తీయంగనే చూడుండ్రి. 4 ఉండాలె. 5 దాటొద్దు. తలుపు అరలు వేరే, అక్కడ ఎప్పుడు రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటది, తీసిన ప్రతిసారి బయటి గాలి తాకేది దానికే.

కరెంటు పోతె తలుపు తెరవకుండ ఉంటె నాలుగు గంటల దాక ఫికరు లేదు. చూద్దాం చూద్దాం అని తెరిస్తె ఆ లెక్క పోయినట్టే.

పాలమూరు మెస్సు అమ్మ

బిడ్డా, నీది చదివి నా కడుపు తరుక్కుపోయింది. నేను మహబూబ్‌నగర్‌ల 22 ఏండ్లసంది మెస్సు నడుపుతున్న, రోజుకు 60 మంది పిల్లలు తింటరు. నా భయం కూడ ఇదే, అందుకే మా వంటింట్ల ఎట్ల చేస్తమో చెప్తున్న.

అన్నం మిగిలితె పెద్ద తాంబాళంల పలుచగ పరుస్తం, రెండు వేళ్ల మందం. ఫ్యాను కింద పది పదిహేను నిమిషాలల్ల ఆరిపోతది. కూరైతె చిన్న చిన్న స్టీలు డబ్బలల్లకు వంచి, తొట్టిల చల్లటి నీళ్లు పోసి, నీళ్లు డబ్బ సగానికి వచ్చేటట్టు నిలబెడతం. నీళ్లు వెచ్చవడితె మార్చి, నడుమ నడుమ గరిటెతోని కలుపుతం. కలుపుడు మరువొద్దు, కలపకపోతె నడుమ వేడి నడుమనే ఉంటది. అరగంటల ఫ్రిజ్‌కు పోతది. మూత మీద తెల్ల టేపు అంటించి తారీఖు రాస్తం. రాయని డబ్బను నేను ఎవలకు పెట్టనియ్య.

పచ్చి మాంసం వండిన దాని మీద ఎన్నడు పెట్టొద్దు. నెత్తురు నీళ్లు కారి కింద పెరుగుల పడ్డ సంగతి మా పనిపిల్ల కండ్లార చూసింది. మటను నల్ల కవర్ల వస్తది కదా, ఆ కవరుతోనే తోస్తరు, అది ఎప్పుడు ఎక్కడో ఒకకాడ కారుతది. మూత గట్టిగున్న డబ్బల వేసి, అన్నిటికంటె కింది అరల, కూరగాయల డబ్బ మీద పెట్టు. ఫ్రీజర్ కింది ట్రేల పెట్టుకుంటె చల్లదనానికి అదే మంచి జాగ, కాని డబ్బ చుక్క కారనిదై ఉండాలె. ఫ్రీజర్లకెళ్లి తీసిన మాంసం గట్టు మీద కరగనియ్యొద్దు, రాత్రే తీసి కింది అరల పెట్టుకో. జూరాల చేపలు తెచ్చిననాడు నేను మర్నాటికి ఉంచను, ఆ పూటకే పులుసు పెడత. చేప ఆగదు.

పచ్చిపులుసు, టమాట తొక్కు, చింతపండు వేసినయి ఏవైనా అల్యూమినియం గిన్నెలల్ల ఉంచొద్దు, పులుపు గిన్నెను తింటది. స్టీలో, గాజుదో, జాడో. తొక్కులకు తడి చెంచ తాకితె బూజే. బూజు పైపైన తీసి తినొద్దు, అది కింద దాక పాకి ఉంటది. నూనెల వేసిన పచ్చి ఎల్లిగడ్డ ముద్ద ఎక్కువ దినాలు ఉంచొద్దు, నాకు ఒక డాక్టరమ్మ చెప్పింది, నూనె కింద గాలి తాకదు కాబట్టి ఒక పాడు విషం పుడతదట. నాలుగైదు రోజులకు సరిపోయేంతే చేస్త. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ ఫ్రిజ్‌ల దేనికి? బుట్టల ఉంచు, రెండింటిని కలపకు. గాలాడే జాగ దొరుకుతది ఫ్రిజ్‌ల.

జొన్నరొట్టె, సకినాలు, సర్వపిండి వీటికి ఫ్రిజ్ అక్కర్లేదు, అయి మన పెద్దలు ఎండకు తట్టుకునేటట్టు చేసుకున్నయి. తల్లీ, దేవర అన్నం పారబోయొద్దని నీకు అనిపిచ్చుడు మంచిదే. బాయికాడనే, వేడి ఉండంగనే, పక్క చేన్ల పనిచేసేటోళ్లకు పెట్టి రా. అది కూడ మైసమ్మకే చేరుతది.

మునుగోడు కోడలు (నల్గొండ)

పన్నెండు రోజులైంది రాసి. అందరికీ దండాలు. చిన్నోడు మంచిగున్నడు, మళ్ల గోడలెక్కి దుంకుతున్నడు. చేసినయి చెప్తె ఇంకొకలకు పనికొస్తదని వచ్చిన.

ముందు ఇన్సులిన్. ఆ ట్రేలకెళ్లి తీసి వెలుగుల పట్టి చూస్తె ఒక సీసాల అడుగున తెల్లగ పలుకులు పలుకులుగ ఉన్నయ్. మామయ్యకు నెలరోజులసంది పొద్దున షుగరు 250 కంటె దిగుతలేకుండె. మేమంత మామిడిపండ్ల మీద తోసినం, ఆయన మామిడిపండు మానేసిండు పాపం. డాక్టరుకు సీసా చూపిచ్చి కొత్తది తెచ్చినం. ఇప్పుడు 150 కాడికి వచ్చింది. నర్సక్కా, మీ కాళ్లు మొక్కాలె. నేను అడిగింది అన్నం గురించి, మీరు నిలబెట్టింది మా మామయ్యను.

థర్మామీటరు క్లాక్ టవర్ దగ్గర దొరకలే, ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. అన్నా, మీరు చెప్పినట్టె గ్లాసుల వేసి పొద్దుగాల ఐదింటికి తలుపు తీసి చూసిన. 11. రెండుసార్లు కండ్లు నలుచుకొని చూసిన, పదకొండే. ఎన్ని నెలలసంది ఈ పదకొండుల పాలు, పెరుగు, మాంసం పెడుతున్ననో తలుసుకుంటె చేతులు చల్లవడ్డయ్.

ఆ పొద్దే అన్ని బయటికి తీసిన. నాలుగు షీట్లు, నేనే పోయిన దసరాకు కత్తిరిచ్చి పరిచినయి, గులాబిపూలయి. ఐసు రెండు వేళ్ల మందం ఉండె, మూడు గంటలు కరిగింది, బకెట్ నిండింది. నోటు పెట్టి చూస్తె పై మూడు దిక్కుల పట్టుకున్నది, కింది కుడి మూల చేతిలకు ఊడొచ్చింది. రబ్బరు మడత తెరిస్తె నల్లగ బూజు, దాంట్ల ఎండిపోయిన కరివేపాకు రెబ్బ ఒకటి ఇరికి ఉన్నది, రబ్బరును లేపి పెట్టింది అదే. సబ్బునీళ్లతోని కడిగి, వేడినీళ్లల్ల ముంచిన బట్టతోని అద్దిన. మా ఆయన ఫ్రిజ్‌ను పొయ్యి పక్కకెళ్లి జరిపి హాల్ల మూలకు పెట్టిండు, వెనుక బెత్తెడు కొలిచి మరీ. మర 5 మీద పెట్టినం. మర్నాడు పొద్దుగాల 4.

అత్తమ్మ సంగతి చెప్పాలె. సద్దన్నం ముచ్చట చదివి వినిపిస్తె జర సేపు ఊకున్నది. ఆఖరికి "అవు, మా అవ్వ గంజి పోసి మంటికుండల పెట్టేది, నూనె చుక్క తాకనిచ్చేది కాదు" అన్నది. నిన్న రాత్రి చికెన్ కూర మిగిలితె, నేను పిల్లల హోంవర్క్ కాడ ఉంటె, ఆమెనే తొట్టిల నీళ్లు పోసి రెండు డబ్బలు నిలబెట్టి, గరిటె పట్టుకొని పీట మీద కూసోని కలుపుతున్నది. టేపు మీద తారీఖు రాయరాదు ఆమెకు. పెద్దపిల్లను పిలిచి రాపిచ్చింది.

ఒక్క అనుమానం మిగిలింది అన్నా. పొద్దుగాల 4 చూపిస్తది, మధ్యాహ్నం మూడింటికి చూస్తె 7 ఉంటున్నది. పిల్లలు చల్లనీళ్లకని పది సార్లు తెరుస్తరు. ఇది సక్కగనే ఉన్నట్టా?

జడ్చర్ల ఫ్రిజ్ మెకానిక్

అక్కా, 7 ఎక్కువనే. గంట సేపైతె పరవాలేదు, రోజు మధ్యాహ్నమంత అట్లనే ఉంటె కాదు. నీళ్లసీసాలు ఫ్రిజ్‌లకెళ్లి తీసేసి హాల్ల ఒక రంజను పెట్టుండ్రి, పిల్లలు తలుపు జోలికి రారు. పాలు, మాంసం తలుపు అరలల్ల ఉంటె లోపలికి జరుపుండ్రి. అట్ల చేసి రెండు రోజులు చూసి, అప్పటికి మధ్యాహ్నం 5 దాటుతుంటె మర 6 మీదికి తిప్పుండ్రి. ఇన్సులిన్ డబ్బ పక్కన థర్మామీటరు పెట్టి పొద్దుగాల ఒకసారి చూస్కోండ్రి, అక్కడ 2 కిందికి పోవద్దు. వానలు పడి వంటిల్లు చల్లవడ్డంక మరను మళ్ల 4కు తేవుడు మరువకుండ్రి, లేకుంటె కూరగాయలు గడ్డకడ్తయ్.